హద్దులు లేని దస్తావేజు: సెల్‌ఫోను యాపుల గోప్యతా ప్రకటనలపై ఒక విమర్శ

నేడు మన ఇండ్లలో అందరును సమ్మతి తెలుపుచు, దాదాపు ఎవ్వరును చదువని రచన ఒకటి కలదు. సెల్‌ఫోనులో ఏ యాపు నెక్కించుకొన్నను మొట్టమొదట ఎదురగు ‘గోప్యతా విధానము’ అను ప్రకటనయే అది. పళ్ళికొండ సుంకపు గేటు దాటుటకై ఫాస్టాగు ఖాతాలో పైకము వేయువారు, వేలూరు ఆసుపత్రులకు పోవుటకు ముందుగా వైద్యుని వేళ నిర్ణయించుకొనువారు, గుడియాత్తపు లుంగీల బేరమును ఫోనుమీదనే నడుపువారు, పిల్లలకు పెండ్లిసంబంధములు వెదకువారు, అందరును ఇట్టి ప్రకటన క్రింద ‘అంగీకరించుచున్నాను’ అను మీటను నొక్కినవారే. నొక్కినది దేనికని అడిగినచో చెప్పగలవారు అరుదు.

ఈ ప్రకటనను న్యాయవాదులు న్యాయవాదుల దృష్టితో పరిశీలించుచునే యున్నారు. మేము దానిని రచనగా పరిశీలింపదలచితిమి. ఏ రచనకైనను కర్త యొకడుండును, ఉద్దేశింపబడిన పాఠకుడుండును, సాధింపదలచిన ప్రయోజన ముండును. ఈ మూడింటి పొందికనుబట్టియే రచన గుణదోషములు తేలును. కావ్యమునకు చెల్లిన ఈ సూత్రము ఫోనులోని ప్రకటనకు మాత్రము చెల్లకపోవుటకు హేతువు లేదు.

ఈ రచనాజాతి వయస్సు చిన్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2003లో చేసి 2004 జూలై 1 నుండి అమలుజరిపిన చట్టము, తన ప్రజల స్వంత వివరములు సేకరించు వ్యాపార వెబ్‌సైటులు ఇట్టి ప్రకటనను కంటబడునట్లు ఉంచవలెనని విధించినది. 2018 మే 25 నుండి అమలైన ఐరోపా సమాఖ్య నిబంధనలు అది క్లుప్తముగను సుబోధముగను ఉండవలెనని చేర్చి చెప్పినవి. నేడు గూగుల్, యాపిల్ సంస్థల యాపుల అంగళ్ళు ఇట్టి ప్రకటన లేని యాపును నిలువనీయవు. కావున ఒక కళాశాల విద్యార్థి పంచాంగము చూపు చిన్న యాపును చేసినను ఈ రచన చేయక తప్పదు. ఏమి వ్రాయవలెనో చెప్పువారు లేక, కొందరు మరియొకరి ప్రకటనను నకలుతీసి పేరు మాత్రము మార్చి అతికింతురు. చెరువు క్రింది మాగాణి దస్తావేజును నకలుచేసి మెట్టచేనికి వాడినట్లుండును ఆ పని.

చదువకపోవుట పాఠకుల సోమరితనమేనని కొందరి వాదము. 2008లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఒక అమెరికావాసి సంవత్సరములో తాను దర్శించు వెబ్‌సైటుల ప్రకటనలన్నిటిని చదువబూనినచో 200 గంటలకు పైగా పట్టునని లెక్కగట్టిరి. దినమునకు ఎనిమిది గంటల చొప్పున ఇరువదియైదు పనిదినములు! ఆ లెక్క పుట్టినది ఫోనులలో యాపులు ఇంతగా వ్యాపింపక మునుపు. ఎవ్వరును చదువజాలని రచనను చేసి, చదువలేదని పాఠకుని నిందించుట న్యాయము కాదు.

ఇక పేరును విచారింతము. ‘గోప్యతా విధానము’ అనగానే మన వివరములు గోప్యముగా దాచబడునని తోచును. లోపలి విషయము పెక్కుచోట్ల అందుకు వ్యతిరేకము. ఏ వివరమును ఎవరెవరికి అందింతురో చెప్పుట దాని ముఖ్యమైన పని. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు జరిపిన పరిశీలనలో, వెబ్‌సైటునకు ఇట్టి ప్రకటన ఉన్నచో అది తమ వివరములను ఇతరులకీయదని సగమునకు మించినవారు నమ్మినట్లు తేలినది. ఆంగ్లమున ‘ప్రైవసీ’ అన్న మాటయే అంత భ్రమ కలిగించినచో, తెలుగున ‘గోప్యత’ అన్న మాట దానికి తీసిపోదు.

దాపరికము వేరు, ఏకాంతము వేరు. ఈ భేదము పళ్ళికొండవారికి చెప్ప నక్కరలేదు. పాలారు ఒడ్డున శయనించిన రంగనాథుని పేరే ఈ ఊరికి పేరైనది. వైష్ణవాలయములలో రాత్రి పవ్వళింపు సేవ ముగిసిన పిదప తలుపులు మూయుదురు. స్వామి లోపల శయనించియున్నాడని ఊరందరికిని తెలియును. అందు రహస్యమేమియు లేదు. అయినను అది ఇతరులు చొరబడు వేళ కాదు. మనిషికి కావలసినదియు అదియే. మన ఫోను నెంబరు బంధువులకు తెలియును, పాలవానికి తెలియును. తెలిసినంతమాత్రమున దానిని ఊరూర అమ్ముకొను అధికారము ఎవ్వరికిని రాదు. గోప్యత అన్న మాట ఇప్పటికే స్థిరపడినది గనుక దానిని తొలగింపజాలము. కాని ప్రకటన వ్రాయువారు శీర్షిక క్రిందనే ‘మీ వివరములను మేము ఏమి చేయుదుము’ అని ఒక పంక్తి చేర్చినచో పాఠకుడు మోసపోడు.

రచన ఎట్లుండవలెననుటకు మనకు పరదేశపు నమూనా లక్కరలేదు. మన పెద్దలకు అక్షరములు రాకపోయినను దస్తావేజు తెలియును. పది సెంట్ల నేల అమ్మినను నాలుగు హద్దులు లేకుండ ఏ లేఖరియు వ్రాయడు. తూర్పున ఫలానివారి చేను, దక్షిణమున కాలువ, పడమర బాట, ఉత్తరమున మిగిలిన మా భూమి అని వరుసగా వ్రాసి, తుదకు చదివి వినిపింపగా విని, ఎవరి బలవంతమును లేక సమ్మతించితిమని చేర్చుదురు. వ్రాలు రాని అవ్వయైనను హద్దులు చెవిని పడకుండ వేలికి సిరా తగులనీయదు.

మన వివరములను ఇతరులకు అప్పగించు పత్రమునకును నాలుగు హద్దులు కలవు. ఏమి తీసికొందురు? ఎందులకు తీసికొందురు? ఎవరి కిత్తురు? ఎన్నాళ్ళు ఉంచుకొందురు? ఈ నాలుగింటికిని సూటియైన జవాబున్న ప్రకటన రెండు పుటలున్నను చాలును. లేనిది ఇరువది పుటలున్నను హద్దులు లేని దస్తావేజే.

మొదటి హద్దు, తీసికొను వస్తువు. ‘మీ సమాచారము’ అని ఊరకుండుట చాలదు. పేరా, ఫోను నెంబరా, మీరున్న తావా, ఛాయాచిత్రములా, ఫోనులోని పేర్ల జాబితాయా, ఒక్కొక్కటిగా చెప్పవలెను. ఇందు పేర్ల జాబితా సంగతి ప్రత్యేకముగా గమనింపదగినది. అందున్న నెంబర్లు మనవి కావు. మన బావగారివి, పొరుగువారివి, బడిపంతులువి. పొరుగువాని చేను అమ్ముచు మనము వ్రాలు చేసినచో చెల్లునా? అట్లే ఇతరుల నెంబర్లను అప్పగించుటకు మన సమ్మతి చాలదన్న ఇంగితము ప్రకటన వ్రాయువానికి ఉండవలెను.

రెండవ హద్దు, ప్రయోజనము. 2023లో మన దేశమున చేయబడిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టము ఈ హద్దును చక్కని ఉదాహరణతో చూపినది. ఒకామె ఫోనుద్వారా వైద్యసలహా యిచ్చు యాపును ఎక్కించుకొన్నది. ఆ యాపు చికిత్సకై ఆమె వివరములను, దానితోబాటు ఆమె ఫోనులోని పేర్ల జాబితాను కోరినది. ఆమె రెంటికిని సరేయన్నది. అయినను, వైద్యసలహాకు పేర్ల జాబితా అవసరము కాదు గనుక, ఆమె సమ్మతి వైద్యమునకు కావలసినంతవరకే చెల్లునని చట్టము చెప్పుచున్నది. ఈ చట్టమున వ్యక్తి స్త్రీయైనను పురుషుడైనను స్త్రీలింగ సర్వనామముతోనే సూచింపబడుట మరియొక విశేషము.

మూడవ హద్దు, అందుకొనువారు. 2021 జనవరిలో వాట్సాప్ సంస్థ తన ప్రకటనను మార్చి, సమ్మతింపనివారికి సేవ సాగదన్న ధోరణిలో గడువు పెట్టినప్పుడు, గోప్యతా ప్రకటన అన్న మాట తొలిసారిగా సామాన్యుల ఇండ్లలో చర్చకు వచ్చినది. స్నేహితుల నడుమ సాగు సందేశములను సంస్థ చదువజాలదన్న ఏర్పాటు అప్పుడును మారలేదు. వివాదమెల్ల, మాతృసంస్థయైన మెటా కుటుంబములోని ఇతర సంస్థలకు ఏ వివరములు పోవునన్న దానిపైననే. ఆ హద్దు స్పష్టముగా లేకపోవుటవలననే, జరుగనున్నదానిని మించిన భయములు ఊరూర ప్రాకినవి. 2024 నవంబరులో భారత పోటీ కమిషను ఈ విషయమై మెటాకు 213 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినది; పై న్యాయస్థానములలో ఆ వివాదము తరువాతను సాగినది.

నాలుగవ హద్దు, కాలము. ‘అవసరమైనంత కాలము ఉంచుకొందుము’ అనునది ఈ ప్రకటనలలో తరచు కనబడు వాక్యము. గడువు లేని కౌలు వంటిది అది. ఇందుకు భిన్నముగా, 2020 ఏప్రిలులో కోవిడు నాడు వెలువడిన ఆరోగ్యసేతు యాపు ప్రకటన దినముల లెక్క చెప్పినది. ఫోనులో 30 దినములు, సర్వరుకు చేరిన వివరములు వ్యాధి లేనివారివి 45 దినములు, వ్యాధి సోకినవారివి నయమైన పిదప 60 దినములు. ఈ గుణమును మెచ్చుకొనవలెను. కాని ఆ ఏడు మే మొదట వెలువడిన ఉత్తరువు ఉద్యోగులందరికిని ఆ యాపును తప్పనిసరి చేసినది. కొలదిదినములకే ఆ పట్టు సడలింపబడినను, హద్దులున్న పత్రముపై బలవంతపు వ్రాలు ఎట్టిదో ఆ నాలుగుదినములు చూపినవి. హద్దులెంత అవసరమో, ‘ఎవరి బలవంతమును లేక’ అన్న మాట నిజమగుటయు అంత అవసరము.

సమ్మతినిగూర్చి మన లోకోక్తి యొకటి కలదు: మౌనమర్ధాంగీకారమని. నూతన చట్టము దీనిని త్రోసిపుచ్చినది. సమ్మతి స్వేచ్ఛగా, ప్రత్యేకముగా, తెలిసి, షరతు లేకుండ, సందేహమునకు తావులేకుండ ఈయబడవలెను. అది ఒక స్పష్టమైన చేతద్వారా వ్యక్తము కావలెను. ఇచ్చుట ఎంత సులభమో వెనుకకు తీసికొనుటయు అంత సులభముగా నుండవలెను. పెండ్లిచూపులలో మౌనము చెల్లినను ఫోనులో చెల్లదన్నమాట.

ఇచ్చటికి భాషను గూర్చిన విచారణ వచ్చినది. మనవంటి కుటుంబములకు ఇదియే మర్మస్థానము. 1911లో చిత్తూరు వేరు జిల్లాయైనప్పటినుండి నేటివరకు రాష్ట్రములు, జిల్లాలు పలుమారులు ఏర్పడినవి, చీలినవి. పాలారు కిరువైపుల తెలుగిండ్లు ఉన్నచోటనే యున్నవి. ప్రభుత్వ వ్యవహారము తమిళమున, వ్యాపార వ్యవహారము ఆంగ్లమున నడచుచుండ, తెలుగు ఇంటిభాషగా నిలచినది. ఇట్టి మనకు 2023 నాటి చట్టము ఒక మేలు చేసినది. సమ్మతి కోరు నోటీసును ఆంగ్లమునగాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషయందుగాని చూచుకొను వీలు కల్పింపవలెనని అది విధించినది. ఆ షెడ్యూలులో నేడున్న 22 భాషలలో తెలుగు 1950 నుండియు ఉన్నది. చట్టము భాషను పేర్కొన్నదే కాని నివాసమును పేర్కొనలేదు. విజయవాడలోని వానికి ఎంత హక్కో, గుడియాత్తములోని మన అవ్వకును అంతే హక్కు. 2025 నవంబరులో నియమావళి ప్రకటింపబడినది; సంస్థలపై మోపబడిన ప్రధానమైన విధులు అమలగుటకు నాటినుండి 18 నెలల గడువీయబడినది.

ఈ హక్కు వెనుక తెలుగువాని చేయి యొకటి కలదు. 1962 డిసెంబరులో ఖరక్ సింగు అభియోగమున, పోలీసుల నిఘా చెల్లునా యన్న ప్రశ్నపై సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. రాత్రివేళ ఇల్లు సోదాచేయుట చెల్లదన్నను, ఏకాంతము రాజ్యాంగము హామీయిచ్చిన హక్కు కాదని అధికసంఖ్యాకులగు న్యాయమూర్తు లనిరి. రాజమహేంద్రవరమున జన్మించిన జస్టిస్ కోకా సుబ్బారావుగారు వారితో విభేదించి, అది వ్యక్తిస్వేచ్ఛలో ముఖ్యమైన అంగమని వ్రాసిరి. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి అభియోగమున 9 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా దానిని ప్రాథమిక హక్కుగా ప్రకటించి, ఆనాటి అల్పసంఖ్యాక నిర్ణయమునకే పట్టముగట్టిరి.

అయితే హక్కు వచ్చినంతమాత్రమున అర్థమగు తెలుగు రాదు. నేటి తెలుగు ప్రకటనల ధోరణి ఎట్టిదో చూపుటకు మేమే ఒక వాక్యము కూర్చి చూపుదుము: ‘మీ అనుభవమును మెరుగుపరచుటకు మరియు ఇతర వ్యాపార ప్రయోజనముల నిమిత్తము మేము మీ సమాచారమును మా భాగస్వాములతో కాలానుగుణముగా పంచుకొనవచ్చును.’ ఇందలి ప్రతి పదమును తెలుగే. వాక్యము మాత్రము తెలుగు కాదు. మెరుగుపరచునది ఎవరి అనుభవము? ఆ భాగస్వాములెవరు? ‘వచ్చును’ అనగా పంచుకొందురా, మానుదురా? అన్నిటికంటె ‘పంచుకొనుట’ అన్న మాట మిక్కిలి మోసకారి. అన్నదమ్ములు ఆస్తి పంచుకొన్నచో ఒకరి వాటా తగ్గి మరియొకరిది ఏర్పడును. పండుగనాడు పొంగలి పంచుకొన్నచో అందరికిని ప్రీతి. ఇచ్చట మనది మనవద్దనే యుండి, దాని నకలు మనమెరుగనివారికి పోవుచున్నది. దానికి తెలుగున ‘ఇతరులకిచ్చుట’ అని పేరు. ఆ మాటయే వ్రాయవలెను.

తేలికగు తెలుగున వ్రాసిన చాలునా యన్నచో, మన ప్రాంతమున అదియు చాలదు. పాఠశాలలలో తమిళమును ఆంగ్లమును చదువు మన పిల్లలలో పెక్కురకు తెలుగు నాలుకమీద నున్నది కాని కంటికి రాదు. అవ్వలకు తెలుగు వచ్చినను చిన్న అక్షరములు ఆనవు. కనుక మా దృష్టిలో మంచి తెలుగు ప్రకటనకు పరీక్ష ఒక్కటే: ఒకరు చదువగా మరియొకరు విని తెలిసికొనగలుగుట. దస్తావేజులోని ‘చదివి వినిపింపగా’ అన్న మాటకు అర్థమదియే. యాపులోనే ప్రకటనను వినిపించు ఏర్పాటుండిన ఇంకను మేలు.

దీనికొక ఆక్షేపణ రావచ్చును. విషయము చిక్కైనది, క్లుప్తము చేసినచో నిజము తప్పిపోవును, పొడుగు చేసినచో ఎవ్వరును చదువరు, రచయిత ఏమిచేయగలడని. ఈ ఆక్షేపణలో సారము కలదు. సాంకేతికమైన వివరములు విపులముగానున్న పత్రము వేరుగా ఉండవలసినదే. కాని సమ్మతి కోరు నోటీసు మరే పత్రమును చూడనక్కరలేకుండ తనంత తానుగా అర్థమగునట్లుండవలెనని 2025 నాటి నియమావళి చెప్పుచున్నది. ఇంకొక చిక్కు దీనికంటె లోతైనది. నేటి యాపులలో పెక్కింటను తయారుచేసినవాని రచన కొంతయే. లెక్కలు తీయుటకు, ప్రకటనలు చూపుటకు పరుల సంకేతభాగములను తెచ్చి కలుపుదురు. అవి ఏమేమి తీసికొని ఎక్కడికి పంపునో అతడే యెరుగకపోవచ్చును. తానెరుగని హద్దులను ఎంత మంచి తెలుగున వ్రాసినను అవి అబద్ధపు హద్దులే. లేఖరి చేను చూడకపోయినను, అమ్మువాడు చూచి చెప్పవలెను గదా. కాబట్టి యాపులోని భాగములన్నిటిని పరిశీలించి జాబితా వ్రాసికొనుట మొదటి పని, వాక్యరచన రెండవది.

ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని పెద్దలు చెప్పిరి. తెలుగు సంఘములు సభ్యుల పేర్లు, ఇంటిపేర్లు, గోత్రములు, చిరునామాలు, ఫోను నెంబర్లు సేకరించుట చిరకాలపు వాడుక. దానికై యాపు తయారుచేయుట నేడు యువకులకు కష్టము కాదు. పెండ్లియీడు వచ్చిన ఆడపిల్ల జన్మనక్షత్రము, చదువు, ఛాయాచిత్రము అట్టి యాపులో చేరినప్పుడు అది ఎంత సున్నితమైన అప్పగింతయో తల్లిదండ్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. పదునెనిమిదేండ్లు నిండనివారి వివరములు తీసికొనుటకు, నిర్ధారింపదగిన తలిదండ్రుల సమ్మతి ఉండవలెనని చట్టమును చెప్పుచున్నది. అట్టి యాపునకు ప్రకటన వ్రాయవలసి వచ్చినచో ఈ పాటి చాలునని మా అభిప్రాయము:

‘మీ పేరు, ఊరు, ఫోను నెంబరు మాత్రమే తీసికొందుము. ఫోనులోని పేర్ల జాబితాను, మీరున్న తావును అడుగము. సంఘపు ఉత్సవములు, సమావేశములు మీకు తెలుపుటకే వీనిని వాడుదుము. కార్యదర్శియు కోశాధికారియు వీనిని చూతురు, వీనిని భద్రపరచునది ఫలాని కంప్యూటరు సంస్థ, మరెవ్వరికిని ఈయము. మీరు సభ్యత్వము వదలినచో 30 దినములలో తుడిచివేయుదుము. వద్దనుకొన్నచో ఈ మీట నొక్కుడు, కారణ మడుగము. మాపై ఫిర్యాదు ఉన్నచో కార్యదర్శికి తెలుపుడు. మా జవాబు తృప్తి కలిగింపనిచో ప్రభుత్వము నియమించు డేటా పరిరక్షణ బోర్డునకు చెప్పుకొనవచ్చును.’

ఇందు అలంకారము లేదు. నాలుగు హద్దులు కలవు; వెనుకకు మరలు త్రోవ కలదు; ఫిర్యాదుకు గుమ్మము కలదు. అవ్వకు ఒకమారు చదివి వినిపించుటకు రెండు నిమిషములు పట్టదు. కాని వ్రాసినది ఆచరణలో నిలువవలెను. కోశాధికారి మారిననాడు పాతవాని ఫోనులోని జాబితా తుడిచిరా? ముప్పది దినములు గడచిన పిదప పేరు నిజముగా పోయినదా? ఇట్టివి చూచువారొకరు సంఘమున లేనిచో ఈ మంచి వాక్యములును పై వాక్యములవలెనే మోసము చేయును.

పెద్ద సంస్థల ప్రకటనలను మార్చు శక్తి మన కొకరొకరికి లేకపోవచ్చును. తెలుగు నోటీసు కోరు హక్కు మాత్రము ఉన్నది. అడిగిననే అది నిలుచును. అడుగనిచో తెలుగున కోరువారే లేరని వారు లెక్క చెప్పుదురు. కావున యాపు ఎక్కించుకొనువేళ తెలుగు ఉన్నదేమో వెదకుడు. లేనిచో ఫిర్యాదు తావున ఒక పంక్తి వ్రాయుడు. ఉండియు అర్థము కానిచో ఆ మాటయు వ్రాయుడు. ఇంటిలో చదువనేర్చిన పిల్లవాడు మీట నొక్కుటకు ముందు ఆ నాలుగు ప్రశ్నలకు జవాబులు వెదకి అవ్వకు చెప్పవలెను. జవాబు దొరకనిచో ఆమె వేలు పట్టి ఆ మీటపై నుంచరాదు.